పాత పెన్‌డ్రైవ్‌తో కొత్త విండోస్: డిస్కు పోయిందా, డ్రైవర్ లేదా?

పాయకరావుపేట: "ఎస్‌ఎస్‌డీ పోయిందమ్మా, కొత్తది వేయాలి. మూడు వేలు అవుద్ది." మా ఖాలా కూతురికి ల్యాప్‌టాప్ రిపేర్ దుకాణంలో చెప్పిన మాట ఇది. బీకాం రెండో ఏడాది చదువుతున్న పిల్ల. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని, విండోస్ కొత్తగా వేయించుకుందామని తీసుకెళ్లింది. దుకాణంలో ఎప్పటి నుంచో వాడుతున్న పెన్‌డ్రైవ్ పెట్టారు. ఇన్‌స్టాల్ మొదలైంది, మధ్యలో ఆగింది. విండోస్ ఏ డిస్కులో వేయాలో ఎంచుకోమని అడిగే తెర మీద ఒక్క డిస్కు కూడా లేదు. అందుకే డిస్కు పోయిందన్నారు.

కొత్త ఎస్‌ఎస్‌డీ తెచ్చి పెట్టారు. అదీ కనిపించలేదు. అప్పుడు మదర్‌బోర్డు పోయిందన్నారు.

నాకు ఫోన్ వచ్చింది ఆ తర్వాతే. నేను ఇంజనీర్‌ని కాను, చదివింది బీకామే. కాకపోతే మా ఆఫీసులో కంప్యూటర్లు మొరాయిస్తే చూసే పని నా మీదే పడుతుంది కాబట్టి ఆ ఖాళీ తెర ఇంతకు ముందే పరిచయం. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ అని తెలిశాక విషయం అర్థమైంది. పాత ఎస్‌ఎస్‌డీనే తిరిగి పెట్టించి, ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ ఫోల్డర్ వేసుకెళ్లి, అదే తెర మీద 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించాను. రెండు నిమిషాల్లో డిస్కు వచ్చింది. అందులో పాత పార్టిషన్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

డిస్కు బాగానే ఉంది, మదర్‌బోర్డూ బాగానే ఉంది. పాతబడింది దుకాణంలోని పెన్‌డ్రైవ్. ఆ దుకాణం అతను మోసం చేశాడని నేను అనడం లేదు. తెర మీద కనిపించిందే చెప్పాడు. కానీ ఆ పిల్ల ఒప్పుకుని ఉంటే మూడు వేలు పోయేవి, ఆ తర్వాత మదర్‌బోర్డు పేరుతో ల్యాప్‌టాప్ మొత్తం పాత సామాన్ల వాడికి వెళ్లేది. ఇలా ఎన్ని ల్యాప్‌టాప్‌లు వెళ్లిపోయాయో అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఏనాటి విండోస్?

విండోస్ ఇన్‌స్టాల్ చేయడానికి వాడే ఫైలును ఐఎస్‌ఓ అంటారు. ఒకప్పుడు ఇది సీడీ, తర్వాత డీవీడీ, ఇప్పుడు పెన్‌డ్రైవ్. మైక్రోసాఫ్ట్ ఆ ఫైలును తయారు చేసిన రోజు దగ్గరే అందులోని విండోస్ ఆగిపోతుంది. ఆ రోజు తర్వాత వచ్చిన భద్రతా అప్‌డేట్లు అందులో ఉండవు. ఆ రోజు తర్వాత మార్కెట్‌లోకి వచ్చిన వైఫై చిప్పులు, డిస్కు కంట్రోలర్లు దానికి తెలియవు.

ఓటరు జాబితా అనుకోండి. ముద్రించిన రోజుకు అది సరైనదే. తర్వాత పేర్లు చేరుతాయి, పోతాయి, దానికి అనుబంధ జాబితాలు వస్తాయి. 2019 నాటి జాబితా ఒక్కటే పట్టుకుని 2024లో పోలింగ్ బూత్‌లో కూర్చుంటే ఏమవుతుంది? కొత్తగా చేరినవాళ్లు ఎవరూ కనిపించరు, తీసేయాల్సిన పేర్లు అలాగే ఉంటాయి. పాత పెన్‌డ్రైవ్‌తో జరిగేదీ అదే. అనుబంధాలన్నీ అసలు జాబితాలో కలిపి మళ్లీ ముద్రించుకోవడమే ఐఎస్‌ఓలో అప్‌డేట్లు, డ్రైవర్లు కలపడం. ఈ పనిని ఈ రంగంలో స్లిప్‌స్ట్రీమింగ్ అంటారు.

దుకాణంలోని ఆ పెన్‌డ్రైవ్‌లో ఏముందని చూస్తే విండోస్ 10, 1909 వెర్షన్. మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల. అంటే 2019 సెప్టెంబర్ నాటి సరుకు. దాని హోమ్, ప్రో రకాలకు మైక్రోసాఫ్ట్ 2021 మే 11తోనే అప్‌డేట్లు ఆపేసింది. ఇంటెల్ 11వ తరం ల్యాప్‌టాప్‌లు మార్కెట్‌లోకి వచ్చింది 2020లో. వాటిలో చాలా కంపెనీలు డిస్కును వీఎండీ అనే కంట్రోలర్ వెనక పెట్టాయి. ఆ వీఎండీతో మాట్లాడే డ్రైవర్ ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డిస్కు ఉన్నా లేనట్టే. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టినా అదే కంట్రోలర్ వెనక పెట్టారు కాబట్టి అదీ కనిపించలేదు.

కొందరు బయోస్‌లోకి వెళ్లి వీఎండీని ఆపేస్తారు. డిస్కు అప్పుడు కనిపిస్తుంది, నిజమే. కానీ అది ఆన్‌లో ఉండగా వేసిన పాత విండోస్ ఆ తర్వాత చాలాసార్లు నీలి తెర చూపించి ఆగిపోతుంది. ఫైళ్లు కాపీ చేసుకోవాల్సిన పని ఉంటే ఆ దారి ప్రమాదమే.

2017లో పోలీస్ స్టేషన్లకు తగిలిన దెబ్బ

డ్రైవర్ లేకపోతే పని ఆగుతుంది, కనీసం కళ్లకు కనబడుతుంది. అప్‌డేట్ లేకపోతే ఏమీ కనబడదు. అదే ఎక్కువ ప్రమాదం.

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని అడిగేది. మర్నాటికల్లా మన రాష్ట్రంలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు ఇది తగిలిందని వార్తలు వచ్చాయి. అప్పటికి మన పాయకరావుపేట కూడా విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. అనకాపల్లి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్‌లో.

ఆ వైరస్ దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చేసింది. దాదాపు రెండు నెలల ముందే. వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. ఎక్కువగా దెబ్బతిన్నది విండోస్ 7 మెషీన్లు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1 డీవీడీ 2011 నాటిది. వాన్నాక్రై వచ్చిన తర్వాత, అంటే 2018లోనో 2019లోనో, ఎవరైనా అదే డీవీడీతో ఒక కంప్యూటర్‌ను 'ఫ్రెష్‌గా' ఫార్మాట్ చేస్తే ఆ కంప్యూటర్ మళ్లీ 2011 స్థితికి వెళ్లిపోతుంది. 2017 మార్చి అప్‌డేట్ అందులో ఉండదు. పక్కన అదే నెట్‌వర్క్‌లో వైరస్ ఉన్న మెషీన్ ఒక్కటుంటే చాలు. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, వాన్నాక్రై తనంతట తానే పక్క మెషీన్‌కి పాకే రకం. అప్‌డేట్లు డౌన్‌లోడ్ అయ్యేలోపే పని అయిపోతుంది.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో, 2003 ఆగస్టులో బ్లాస్టర్ వైరస్ వచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే జరిగింది. కొత్తగా ఎక్స్‌పీ వేసి ఇంటర్నెట్ కలిపితే చాలు, అప్‌డేట్ పేజీ తెరుచుకునేలోపు కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అయ్యేది. శాన్స్ సంస్థకు చెందిన ఇంటర్నెట్ స్టార్మ్ సెంటర్ 2004లో ఒక లెక్క ఇచ్చింది. రక్షణ లేని విండోస్ మెషీన్ ఇంటర్నెట్‌లో పెడితే దాడి తగలడానికి సగటున 20 నిమిషాలు. అప్పట్లో అప్‌డేట్లన్నీ డౌన్‌లోడ్ కావడానికి అంతకంటే ఎక్కువ సేపే పట్టేది. సర్వీస్ ప్యాక్‌ను ముందే సీడీలో కలిపి వేసుకోవడం అలవాటైంది అందుకే.

ఎఫ్6 నుంచి యూఎస్‌బీ దాకా

డ్రైవర్ల గొడవ కూడా కొత్తది కాదు. ఎక్స్‌పీ వేసేటప్పుడు నీలి తెర కింద ఎఫ్6 నొక్కమని ఒక లైను వచ్చేది, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సాటా డిస్కులు వచ్చాక ఆ డ్రైవర్‌ను ఫ్లాపీలో పెట్టి ఇవ్వాల్సి వచ్చేది. అప్పటికే కొత్త మెషీన్లలో ఫ్లాపీ డ్రైవే ఉండేది కాదు! దాంతో ఎన్‌లైట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో ఆ డ్రైవర్‌ను సీడీలోనే కలిపేసేవాళ్లు.

విండోస్ 7 వంతు 2015లో వచ్చింది. ఇంటెల్ 6వ తరం చిప్‌సెట్లలో పాత రకం యూఎస్‌బీ కంట్రోలర్ తీసేశారు. విండోస్ 7 డీవీడీలో యూఎస్‌బీ 3 డ్రైవర్ లేదు. ఇన్‌స్టాల్ మొదలయ్యాక కీబోర్డూ పనిచేయదు, మౌసూ పనిచేయదు. 'నెక్స్ట్' బటన్ కళ్ల ముందే ఉంటుంది, నొక్కడానికి దారి ఉండదు. చివరికి ఆ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో కలపడానికి ఇంటెల్ స్వయంగా ఒక టూల్ ఇవ్వాల్సి వచ్చింది. అప్‌డేట్ల సంఖ్య కూడా వందల్లోకి పోవడంతో మైక్రోసాఫ్ట్ 2016 మేలో సర్వీస్ ప్యాక్ 1 తర్వాతి వాటిలో చాలావరకు ఒకే ప్యాకేజీగా కట్టి ఇచ్చింది, ఐఎస్‌ఓలో కలుపుకోవచ్చని కూడా చెప్పింది.

ఇప్పుడు విండోస్ 11తో వచ్చిన చిక్కు వైఫైది. మొదటిసారి ఆన్ చేసినప్పుడే ఇంటర్నెట్ కలపమంటుంది. వైఫై డ్రైవర్ లేకపోతే నెట్‌వర్క్ కనిపించదు. డ్రైవర్ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. దీనికి తక్షణ ఉపాయం ఒకటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది కాబట్టి చాలాసార్లు పని జరుగుతుంది. కాకపోతే రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న ఫోన్‌తో కొన్ని జీబీల అప్‌డేట్ దించడం అయ్యే పని కాదు.

ఎవరికి అవసరం, ఎవరికి అక్కర్లేదు

ఒక్క ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఈ తతంగం అనవసరం. మైక్రోసాఫ్ట్ సైట్‌లోంచి ఈ రోజు తాజా విండోస్ 11 ఐఎస్‌ఓ దించుకుంటే చాలావరకు సరిపోతుంది. ఆ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లోంచి స్టోరేజ్, వైఫై డ్రైవర్లు రెండూ పెన్‌డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌గా పెట్టుకుంటే చాలు.

అవసరమయ్యేది నెలకు ఇరవై ముప్పై మెషీన్లు ఫార్మాట్ చేసే దుకాణాలకు, నెట్ సెంటర్లకు, స్కూల్ ల్యాబ్‌లకు, పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్న మద్రసాలకు. పది మెషీన్లు ఉన్నచోట ఒక్కోదానికి నాలుగు జీబీ అప్‌డేట్లు అనుకున్నా నలభై జీబీ. అదే ఒకసారి దించి ఐఎస్‌ఓలో కలిపితే నాలుగు జీబీతో పోతుంది. మిగిలింది డేటా ఖర్చు ఒక్కటే కాదు, ఒక్కో మెషీన్ ముందు కూర్చునే గంటలు కూడా.

కలపడం ఎలా?

దీనికి కొనాల్సింది ఏమీ లేదు. విండోస్‌లోనే డిస్మ్ అనే టూల్ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి వాడాలి. కమాండ్లంటే భయం ఉన్నవాళ్లకు ఎన్‌టీలైట్ ఉంది, ఎన్‌లైట్ రాసిన వ్యక్తి తర్వాత తెచ్చిందే. దాని ఉచిత వెర్షన్‌కు కొన్ని పరిమితులు ఉంటాయి.

ముందు ముప్పై జీబీ ఖాళీ ఉన్న డిస్కులో ఒక ఫోల్డర్ పెట్టి ఐఎస్‌ఓలోని ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేసుకోండి. 'సోర్సెస్' ఫోల్డర్‌లో మనకు కావాల్సినవి రెండు ఫైళ్లు, బూట్ విమ్, ఇన్‌స్టాల్ విమ్. మొదటిది ఇన్‌స్టాల్ జరుగుతున్నంత సేపు నడిచే చిన్న విండోస్. రెండోది మన కంప్యూటర్‌లోకి చేరే అసలు విండోస్. చాలామంది డ్రైవర్లు రెండోదాంట్లో మాత్రమే కలిపి, డిస్కు ఇంకా కనిపించట్లేదేంటని తల పట్టుకుంటారు. డిస్కు వెతికేది మొదటిది కాబట్టి స్టోరేజ్ డ్రైవర్ బూట్ విమ్‌లో, అందులోనూ రెండో ఇండెక్స్‌లో తప్పకుండా ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం కష్టం తప్పుతుంది. కొన్ని ఐఎస్‌ఓల్లో ఇన్‌స్టాల్ ఫైలు విమ్ బదులు ఈఎస్‌డీ రూపంలో ఉంటుంది. అలాగైతే ముందు విమ్‌గా మార్చుకోవాలి.

ఇన్‌స్టాల్ విమ్‌లో హోమ్, ప్రో లాంటి ఎడిషన్లు వేరువేరు నంబర్లతో ఉంటాయి. మీకు కావాల్సిన నంబర్‌ను ఒక ఖాళీ ఫోల్డర్‌లోకి 'మౌంట్' చేస్తే, మూటకట్టిన విండోస్ మామూలు ఫోల్డర్‌లా విప్పుకుంటుంది. అందులో డ్రైవర్లు కలపాలి, అప్‌డేట్ కలపాలి, తర్వాత 'కమిట్' చేసి మళ్లీ మూట కట్టేయాలి. కట్టేటప్పుడు ఆ ఫోల్డర్ ఇంకో విండోలో తెరిచి ఉంటే ఎర్రర్ వస్తుంది. నాకు మొదటిసారి గంట పోయింది దీని వల్లే.

డ్రైవర్లు ఎక్కడివి? ఇక్కడ ఒక మంచి ఉపాయం ఉంది. బాగా పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లోనే డిస్మ్‌కు 'ఎక్స్‌పోర్ట్ డ్రైవర్' కమాండ్ ఇస్తే, అందులో విడిగా వేసిన డ్రైవర్లన్నీ ఒక ఫోల్డర్‌లోకి వచ్చేస్తాయి. ఫార్మాట్ చేయడానికి ముందు ఐదు నిమిషాలు దీనికి కేటాయిస్తే ఇంటర్నెట్‌లో వెతుకులాట ఉండదు. కంపెనీ సైట్‌లోంచి తెచ్చే డ్రైవర్ చాలాసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేసే ఈఎక్స్‌ఈ ఫైలుగా ఉంటుంది. అది పనికిరాదు. దాన్ని విప్పి, లోపల ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డర్ తీసుకోవాలి.

ఇరవై రకాల ల్యాప్‌టాప్‌ల డ్రైవర్లన్నీ కుక్కేయాలని కొందరికి సరదా. నా సలహా వద్దనే. స్టోరేజ్, వైఫై, ల్యాన్, కొన్ని మోడళ్లలో టచ్‌ప్యాడ్. ఇవి చాలు. నెట్ వచ్చాక గ్రాఫిక్స్, సౌండ్ సంగతి విండోస్ అప్‌డేట్ చూసుకుంటుంది. అన్నీ కలిపితే ఐఎస్‌ఓ ఉబ్బిపోతుంది, ఏదైనా పాడైతే ఏ డ్రైవర్ వల్లో పట్టుకోలేం.

అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్ సైట్ నుంచే తీసుకోండి. ఇప్పటి విండోస్‌లో అప్‌డేట్లు క్యుములేటివ్, అంటే ఈ నెలది వేస్తే పాత నెలలవి అందులోనే ఉంటాయి. ఒక మినహాయింపు ఉంది. విండోస్ 11 24హెచ్2 నుంచి చెక్‌పాయింట్ అనే పద్ధతి వచ్చింది. మధ్యలో ఒక మైలురాయి అప్‌డేట్ ఉంటుంది, తర్వాతివి దాని మీద ఆధారపడతాయి. 24హెచ్2కు అది 2024 సెప్టెంబర్‌లో వచ్చిన కేబీ5043080. ఆ ఫైలు, ఈ నెల ఫైలు ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఈ నెలదాన్ని కలపమంటే మిగతాది డిస్మ్ చూసుకుంటుంది.

చివర్లో వచ్చే తలనొప్పి సైజు. అన్నీ కలిపాక ఇన్‌స్టాల్ విమ్ 4 జీబీ దాటుతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే అంత పెద్ద ఫైలు అందులో పట్టదు. ఫైలును రెండు ముక్కలు చేసే కమాండ్ కూడా డిస్మ్‌లోనే ఉంది, ఇన్‌స్టాలర్ ఆ ముక్కల్ని గుర్తుపడుతుంది. లేదా రూఫస్ లాంటి టూల్‌తో ఎన్‌టీఎఫ్‌ఎస్ పెన్‌డ్రైవ్ చేసుకోవచ్చు.

తయారైన పెన్‌డ్రైవ్‌ను కస్టమర్ మెషీన్ మీద మొదటిసారి పరీక్షించకండి. దుకాణంలో మూలన పడున్న మెషీన్ మీద వేసి, మరుసటి నెల అప్‌డేట్ కూడా ఎక్కుతుందో లేదో చూడండి. ఈ జాగ్రత్త ఎందుకంటే మైక్రోసాఫ్ట్ సొంతంగా చెప్పిన తప్పు ఒకటుంది. 2024 అక్టోబర్ లేదా నవంబర్ భద్రతా అప్‌డేట్లు కలిపి తయారు చేసిన 24హెచ్2 పెన్‌డ్రైవ్‌లతో విండోస్ వేస్తే, ఆ మెషీన్ తర్వాతి భద్రతా అప్‌డేట్లు తీసుకోకుండా మొండికేసే అవకాశం ఉందని కంపెనీ ప్రకటించింది. డిసెంబర్ నెల అప్‌డేట్‌తో మళ్లీ తయారు చేసుకోమంది. ఆ నెలల్లో చేసిన పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే చెరిపేయండి.

తెలుగు, ఉర్దూ అక్షరాల సంగతి

మన పాఠకులకు ఇది ముఖ్యం. తెలుగు చదవడానికి కావాల్సిన నిర్మలా యూఐ ఫాంట్ విండోస్ 8 నుంచి విండోస్‌తోనే వస్తోంది. కానీ పాత డాక్యుమెంట్లలో వాడిన గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి విడి ఫీచర్‌గా మారాయి. ఉర్దూకు నస్తాలీఖ్ తరహాలో రాసే 'ఉర్దూ టైప్‌సెట్టింగ్' ఫాంట్ కూడా అంతే, అరబిక్ లిపి అదనపు ఫాంట్లలో ఉంటుంది. ఆ ఫాంట్ లేకపోతే ఉర్దూ కనిపిస్తుంది కానీ అరబిక్ నస్ఖ్ రూపంలో. చదవడానికి మన పెద్దలకు అస్సలు నచ్చదు. నెట్ ఉంటే వీటిని ఆ తర్వాతైనా దించుకోవచ్చు. నెట్ సరిగా లేని ల్యాబ్‌కు పెన్‌డ్రైవ్ తయారు చేస్తున్నప్పుడు మాత్రం వీటిని ముందే ఐఎస్‌ఓలో కలపొచ్చు. డ్రైవర్ కలిపినట్టే ఇదీ.

'లైట్', 'గేమింగ్', 'సూపర్ ఫాస్ట్' విండోస్ అని ఎవరో తయారు చేసి పెట్టినవి ఉంటాయి కదా, సైజు తగ్గించడానికి వాటిలో చాలామంది కోసేసేది ఇలాంటి భాషల సరంజామానే. తయారు చేసినవాడికి తెలుగు, ఉర్దూ అక్కర్లేదు మరి. కొందరు విండోస్ అప్‌డేట్‌నీ, డిఫెండర్‌నీ కూడా తీసేస్తారు. వేగం వచ్చిందంటే అందుకే.

తయారుగా దొరికే ఐఎస్‌ఓలు

అప్‌డేట్లు, డ్రైవర్లు, ఆఫీస్ అన్నీ కలిపేసి, యాక్టివేట్ కూడా చేసేసిన ఐఎస్‌ఓలు టెలిగ్రామ్‌లో, టొరెంట్లలో బోలెడు. దుకాణాలకు వీటి మీద మోజు ఎందుకో అర్థమవుతుంది, పని తేలిక. కానీ మనం పైన చూసినదే ఇంకోసారి ఆలోచించండి. ఐఎస్‌ఓ విప్పి, డ్రైవర్ కలిపి, మళ్లీ కట్టేయడం మన లాంటివాళ్లకే ఇంత సులువైతే, డ్రైవర్ బదులు దొంగ ప్రోగ్రామ్ కలిపేవాడికి కష్టమేముంది?

2023 జూన్‌లో డాక్టర్ వెబ్ అనే యాంటీవైరస్ కంపెనీ సరిగ్గా ఇదే బయటపెట్టింది. టొరెంట్లలో తిరుగుతున్న విండోస్ 10 ఐఎస్‌ఓల్లో ముందే ట్రోజన్ పెట్టి ఉంది. అది కంప్యూటర్ బూట్ అయ్యే ఈఎఫ్‌ఐ అనే చిన్న పార్టిషన్‌లో దాక్కునేది, యాంటీవైరస్‌లు మామూలుగా అక్కడ వెతకవు. ఎవరైనా క్రిప్టో వాలెట్ అడ్రస్ కాపీ చేసి పేస్ట్ చేస్తే మధ్యలో దొంగ అడ్రస్ పెట్టేసేది. అప్పటికి దాదాపు 19 వేల డాలర్లు కొట్టేసినట్టు ఆ కంపెనీ లెక్కగట్టింది.

క్రిప్టో మనకెందుకులే అనుకోవద్దు. కాపీ చేసి పేస్ట్ చేసేది అకౌంట్ నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కూడా కావచ్చు. జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్ కంప్యూటర్, హజ్ దరఖాస్తు కోసం పాస్‌పోర్టు స్కాన్ చేసే నెట్ సెంటర్, పిల్లల స్కాలర్‌షిప్‌కు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ అప్‌లోడ్ చేసే చోటు, వక్ఫ్ ఆస్తుల కాగితాలు ఉమీద్ పోర్టల్‌కు ఎక్కించిన కంప్యూటర్... వీటిలో ఏ ఐఎస్‌ఓ వేశారో ఎవరూ అడగరు. ఊళ్లో సగం మంది కాగితాలు మాత్రం అక్కడే ఉంటాయి.

అసలు క్రాక్ అవసరమే లేని వాళ్లు కూడా క్రాక్ వేయించుకుంటున్నారు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో కొన్న కంపెనీ ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. అసలు ఐఎస్‌ఓతో అదే ఎడిషన్ వేసి నెట్ కలిపితే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. హోమ్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లో దుకాణంవాళ్లు ప్రో వేసి క్రాక్ పెడితే, డబ్బు కట్టి కొన్న లైసెన్స్ పక్కన పెట్టి దొంగది వాడుతున్నట్టు. మా ఖాలా కూతురి ల్యాప్‌టాప్‌కు హోమ్ వేశాం. అడక్కుండానే యాక్టివేట్ అయింది.

ఎవరో ఒకరు తయారు చేసిన ఐఎస్‌ఓ అనగానే దొంగదని కాదు. హైదరాబాద్‌లో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చి తన ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది. కేరళలో కైట్ సంస్థ ఉబుంటు మీద స్కూళ్లకు కావాల్సినవన్నీ కలిపి రాష్ట్రమంతా ఒకే ఐఎస్‌ఓ ఇస్తోంది. ఏ సంస్థ ఇచ్చిందో పేరుంది, ఏం కలిపారో చూడొచ్చు. టెలిగ్రామ్ ఐఎస్‌ఓకు ఆ రెండూ ఉండవు. మైక్రోసాఫ్ట్ నుంచి దించిన ఐఎస్‌ఓకు కూడా షా-256 అనే పొడవాటి సంఖ్యను సైట్‌లో ఇచ్చినదానితో సరిపోల్చుకోండి. విండోస్‌లోనే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఆ సంఖ్య వస్తుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు వాడకూడదు.

విండోస్ 10 ఇంకా నడుపుతున్నవాళ్లకు ఒక మాట. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే ఇంటి వాడకానికి డబ్బు కట్టకుండానే చేరొచ్చు. టీపీఎం 2.0 లేని పాత మెషీన్లకు విండోస్ 11ను బలవంతంగా ఎక్కించే ఐఎస్‌ఓలు దొరుకుతున్నాయి. పాఠాలు వినడానికి, ఉత్తరాలు టైప్ చేసుకోవడానికి మాత్రమే వాడే మెషీన్ అయితే దానికంటే లినక్స్ నయమని నా అభిప్రాయం.

రెండు వారాల తర్వాత ఆ దుకాణానికి మళ్లీ వెళ్లాను, ఈసారి అతనే పిలిచాడు. "భాయ్, ఆ డ్రైవర్ కలిపిన పెన్‌డ్రైవ్ నాకూ ఒకటి చేసిపెట్టు" అన్నాడు. ఇద్దరం కూర్చుని చేశాం. విండోస్ 11, హోమ్, ప్రో రెండూ. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్, అతని దగ్గరికి ఎక్కువగా వచ్చే ల్యాప్‌టాప్‌ల వైఫై డ్రైవర్లు, ఆ నెల అప్‌డేట్, తెలుగు, ఉర్దూ ఫాంట్లు. మధ్యాహ్నం మొదలుపెడితే మగ్రిబ్ అయింది. పెన్‌డ్రైవ్ మీద తెల్ల టేపు అంటించి తయారు చేసిన నెల, సంవత్సరం రాశాం. అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికాలో విడుదలవుతాయి, మనకు అందేసరికి రాత్రి అవుతుంది. నెల నెలా కాకపోయినా మూడు నెలలకోసారి టేపు మార్చమని చెప్పాను. పాత 1909 పెన్‌డ్రైవ్‌ను నా ముందే ఫార్మాట్ చేసి, అందులో పాటలు వేసుకున్నాడు.